జోజప్పగారి ముందు మా చోటు

ఫిబ్రవరి 18, బుధవారం

విభూది బుధవారం. నుదుట బూడిద ఇంకా అలాగే ఉన్నాది. కడుక్కోబుద్ధి కాలేదు.

గుడిలో కొత్త చాపలు పరిచినాం. సబంగ్ నుంచి తెప్పించిన మాదురు చాపలు, నున్నగా ఉన్నాయి, పచ్చి వాసన ఇంకా పోలేదు. అంచులకి గుడ్డ నేనే కుట్టినాను. కొత్త గుడ్డ వెయ్యం మేం. ఆ చాపల మీద కూకుని జపమాల చెప్పి చెప్పి పోయినోళ్ళుంటారు కదా, వాళ్ళ చీరలే చింపి అంచు వేస్తాం. ఈ సారి మరియమ్మత్త నీలం చీర. పోయినేడు ఈ రోజున నా పక్కనే కూకున్నాది, "కాస్త జరగే, ఎంత చోటు కావాలి నీకు" అని మోచేత్తో పొడిచినాది. మిషను తొక్కుతుంటే ఏడుపొచ్చేసినాది.

పూజ అయినాక చాపలు చుడుతున్నాను. కొత్త ఫాదర్ గారు టేపు పట్టుకుని వచ్చినారు. జోజప్పగారి స్వరూపం దగ్గర నుంచి మొదటి బెంచీ దాకా కొలవడం. టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారు? రోజీ అప్ప!

"ఏటప్పా కొలుస్తున్నారు?"

"ఏం లేదే. ఊరికే."

ఊరికే ఎవరైనా నేల కొలుస్తారా.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సిలువ మార్గం ప్రార్థన. అమ్మ రాలేదు, ఒళ్ళు బాలేదంట. రోజీ అప్ప వచ్చినాది గానీ నా పక్కన కూకోలేదు. వెనక స్తంభం దగ్గర నిలబడిపోనాది. సొంత అక్క కాకపోయినా నాకు పెళ్ళి కుదిర్చిన మనిషి. నా మొహం చూడ్డం లేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెప్పేసినారు. పూజ ఆఖర్న, అందరి ముందూ, హిందీలో. జోజప్పగారి పండక్కి ఆ "ఖాళీ జాగా"లో బెంచీలు పడతాయంట. చాపలు ఎవరివి వాళ్ళు ఇంటికి పట్టుకుపోవాలంట.

ఖాళీ అంట! మా అమ్మ కూకునుండగా, నేను కూకునుండగా, ఇంతమంది ఆడోళ్ళం ఒళ్ళో పిల్లల్ని పెట్టుకుని ఆయన కళ్ళ ముందు కూకునుండగా... ఖాళీ!

నేను లేచి నిలబడినాను. ఫాదర్ గారు నా వైపు చూసి మెల్లిగా అన్నారు, "మీవాళ్ళే అడిగినారమ్మా."

మావాళ్ళా? మావాళ్ళెవరు?

అమ్మ నా కొంగు పట్టి లాగినాది. "కూకో."

ఫిబ్రవరి 23, సోమవారం

రాత్రంతా అదే. బ్లౌజులు కత్తిరించాలి, చెయ్యి ఆడలేదు.

గుడిలో ఏ చోటు పని ఆ చోటుకి ఉన్నాది. గుమ్మం పక్కన తీర్థం తొట్టి — లోపలికొచ్చే ముందు బయటి గొడవ కడిగేసుకోడానికి. వెనక గోడ డ్యూటీ నుంచి సరాసరి వచ్చే రైల్వే వర్క్‌షాపోళ్ళకి. నూనె మరకల బట్టలు, బెంచీకి అంటుతాయని నిలబడే పూజ చూస్తారు. పాపసంకీర్తనం పెట్టె పక్కన రెండు గజాలు ఎవరూ కూకోరు, లోపల పాపాలు చెప్పుకునేది వినపడకూడదు కదా. పైన అటక పాడేవోళ్ళది. పీఠం వెనక గది సామాను నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, పీఠం గుడ్డలు కుట్టేది నేనే. మధ్య దారి ఉన్నాది, అది పెళ్ళికూతురికీ శవప్పెట్టెకీ.

మరి జోజప్పగారి ముందు నేల మాది. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినానో — అమ్మా, మనం బెంచీ మీద ఎందుకు కూకోం? ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది. జోజప్పగారు, యేసుని పెంచిన తండ్రి, వడ్రంగి, పని చేసుకుని బతికినాడు, మీ తాత లాగే. అందుకని పనోళ్ళని తన కాళ్ళ దగ్గరకి పిలుచుకున్నాడు. బెంచీ మీద కూకున్నోళ్ళు దూరం, మనం దగ్గర.

ఎంత గర్వంగా ఉండేదో. బెంచీల మీద పిల్లల్ని చూసి జాలిపడేదాన్ని. పాపం, వాళ్ళని పిలవలేదు అనుకునేదాన్ని.

ఫిబ్రవరి 26, గురువారం

మా తెలుగోళ్ళ ఇంటింటికీ తిరుగుతున్నాను. సుభాష్‌పల్లి, తర్వాత రైల్వే లైను క్వార్టర్లు. బెంచీలు వద్దని అందరం కలిసి చెబుదాం అంటే — "మీరెలాగంటే అలాగే వదినా" అంటారు, టీ ఇస్తారు, టీవీ వైపు చూస్తారు. ఒకామె అయితే "నడుం నొప్పి వదినా, బెంచీ అయితే ఆనుకోడానికి ఉంటాది కదా" అన్నాది. నా మొహం చూసి మళ్ళీ "ఠీక్ హై, ఠీక్ హై, చాపలే ఉంచమందాం" అన్నాది.

చెప్పులు అరిగిపోనాయి. అమ్మకి చెబితే చిక్కుడుకాయలు ఒలుస్తూ కూకున్నాది.

మార్చి 1, ఆదివారం

ఫాదర్ గారి ఆఫీసుకి వెళ్ళినాను. మర్యాదగానే మాట్లాడినాను, మొదట. మా తాత రైలు పనికి ఈ ఊరొచ్చిన గాంగ్‌మేన్ అండీ, పట్టాల పని చేసి వచ్చి ఆ నేల మీదే కూకున్నాడు, మా అమ్మా అక్కడే, నేనూ అక్కడే. ఆయన ఓపిగ్గా విన్నారు. నీళ్ళిచ్చినారు. తర్వాత ఒకటే మాట — "గిర్జా మే కిసీ కా కోనా నహీ హోతా, దీదీ." గుడిలో ఎవరికీ సొంత మూల ఉండదంట.

"మరి ఎవరడిగినారో చెప్పండి."

చెప్పలేనన్నారు. "ఆమె ఆ కుర్చీలోనే కూకుని ఏడ్చినాది. అంతే చెప్పగలను."

ఆమె. ఆడమనిషి. టేపు పట్టుకున్న ఆడమనిషి ఒకతే. గుడి కమిటీలో ఉన్న మా తెలుగు ఆడమనిషీ ఆ ఒకతే. ఇంకేటి కావాలి నాకు?

మార్చి 2, సోమవారం

ఇందా బజార్లో కూరల దగ్గర దొరికినాది రోజీ అప్ప. వదల్లేదు.

"కమిటీలో కుర్చీ ఇచ్చినారని మా కింద నేల అమ్మేసినావా అప్పా?"

జనం చూస్తున్నారు. బెంగాలీలూ మనోళ్ళూ అందరూ వింటున్నారు, విననీ! నీ కోడలు మొన్న బెంచీ ఎక్కి కూకుంటే చూసీ ఊరుకున్నాను, అప్పుడే అనుకున్నాను అన్నాను. మీ ఆయన శవప్పెట్టె పక్కన ఆ చాప మీదే కదా రాత్రంతా నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను అన్నాను. అది అనకూడదు. అనేసినాను.

రోజీ అప్ప సంచిలో వంకాయలు సర్దుకుంటూనే ఉన్నాది. కళ్ళల్లో నీళ్ళు. "అడగాల్సిన వాళ్ళని అడగవే" అన్నాది. ఆటో ఎక్కి వెళ్ళిపోనాది.

నాటకాలు.

మార్చి 6, శుక్రవారం

సిలువ మార్గానికి ముగ్గురమే చాప మీద. మిగతావాళ్ళు ఇప్పట్నించే బెంచీలు అలవాటు చేసుకుంటున్నారు. నేనే గట్టిగా పాడినాను.

అమ్మ మళ్ళీ రాలేదు.

మార్చి 10, మంగళవారం

అక్షరాలు సరిగా పడడం లేదు.

మందుల షాపు నుంచి టోటోలో, అదే బేటరీ రిక్షాలో, వస్తున్నాను. మన వీధి కుర్రాడు కాదు, ఆ పెద్దాయన, మీసాల దాదా. ఇంటి ముందు దింపి, "దీదిమా ఎలాగున్నారు?" అన్నాడు. బెంగాలీలో అమ్మలాంటి ముసలాళ్ళని అలాగే పిలుస్తారు. బాగుంది అన్నాను. "ఆ రోజు చర్చి నుంచి వస్తూ దారంతా ఏడ్చినారు. ఇప్పుడు నయమా?" అన్నాడు.

ఏ రోజు?

"మీ కర్తా వచ్చి ఎక్కించినారు కదా. వీధి చివర. ఫిబ్రవరిలో."

మా ఆయన ఎక్కించినాడంట. అమ్మని. ఒంటరిగా. గుడికి. పక్క గదిలోకి వెళ్ళాలన్నా నా చెయ్యి పట్టుకునే మా అమ్మ, నాకు తెలీకుండా టోటో ఎక్కి వెళ్ళి ఫాదర్ గారి కుర్చీలో కూకుని ఏడ్చినాది. బెంచీలు వెయ్యమని.

మా అమ్మ.

డబ్బులిచ్చినానో లేదో కూడా గుర్తు లేదు.

మార్చి 10, సాయంత్రం

అడిగినాను. వాకిట్లో కూకుని బియ్యంలో రాళ్ళేరుతున్నాది.

"నువ్వేనా?"

చేట పక్కన పెట్టినాది. దాచలేదు. "నానే."

"కాళ్ళు నొప్పైతే నాకు చెప్పచ్చు కదమ్మా! ఒక్క కుర్చీ వేయించేదాన్ని నీకు. మొత్తం చోటే తీయించేస్తావా?"

"నా కాళ్ళకేటైంది. నా కాళ్ళు కాదే."

అప్పుడు చెప్పినాది. నేను విన్నది విన్నట్టే రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

అమ్మకి ఏడెనిమిదేళ్ళు. మా తాతతో, అంటే వాళ్ళయ్యతో, గుడికెళ్ళినాది. ముందు బెంచీ ఖాళీగా ఉన్నాది, నున్నగా మెరుస్తున్నాది, ఎక్కి కూకున్నాది. కాళ్ళు ఊపుకుంటూ. వెనక నుంచి ఒక దొరసాని వచ్చి గొడుగు కొసతో భుజం మీద తట్టినాదంట. కొట్టలేదు. తట్టినాది, కుక్కని దింపినట్టు. బెంచీకి ఇత్తడి రేకు మీద వాళ్ళింటి పేరున్నాది. ఆ బెంచీలన్నిటికీ ఉన్నాయి. మనోళ్ళ పేరు దేనికీ లేదు.

"మాయయ్య పరిగెట్టుకొచ్చినాడు. ఆవిడికి దణ్ణం పెట్టినాడు. నన్ను రెక్క పట్టి దింపి నేల మీద కూకోబెట్టినాడు. నాను ఏడుస్తన్నాను. అప్పుడు సెప్పినాడే ఆ మాట. జోజప్పగారు మనల్ని కాళ్ళకాడికి పిలుసుకున్నాడు అని. నా ఏడుపు ఆపడానికి సెప్పినాడు."

"నీకు తెలుసా అది అబద్ధమని?"

"నాకేటి తెల్దు? మాయయ్య సెయ్యి వణుకుతన్నాది, నా రెక్కకి తెల్దా?"

"మరి నాకెందుకు చెప్పినావు?"

చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాది. "నువ్వూ అడిగినావు కదే. ఏటి సెప్పమంటావు నీకు? మనల్ని కూకోనివ్వలేదు అని సెప్పమంటావా?"

రేకులు ఎప్పుడో పీకేసినారు. దొరసానులు ఎప్పుడో ఓడలెక్కిపోనారు. ఎవరైనా ఎక్కడైనా కూకోవచ్చు ఇన్నేళ్ళ నుంచీ. ఎందుకు కూకోలేదమ్మా అంటే, "నువ్వు సాప పరిసేసేదానివి కదే. అంత సంబరంగా. నీ ముందు ఎలాగెక్కనే" అన్నాది.

నాదా తప్పు! ఓలమ్మో! నాదా!

మార్చి 11, బుధవారం

ఈయనతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టినాను, పక్కగదిలోకి వచ్చేసినాను.

"అత్త ఏడ్చినాదే. నేనేటి చేసేది" అన్నాడు తలుపవతల నుంచి. వర్క్‌షాపుకి సెలవు పెట్టి మరీ టోటో ఎక్కించినాడు. రోజీ అప్పకి ఫోను చేసి, ఫాదర్ గారి దగ్గర అత్త పక్కనుండమన్నాదీ ఈయనే. ముగ్గురూ కలిసి... నేను ఇల్లిల్లూ తిరుగుతుంటే ముగ్గురూ చూస్తూ కూకున్నారు.

"నాకు చెబితే ఏటి పోయేది?"

"నువ్వు వింటావేటి?"

మార్చి 12, గురువారం

వినేదాన్ని.

మార్చి 15, ఆదివారం

పూజకి వెళ్ళలేదు. పెళ్ళయినాక ఆదివారం పూజ మానడం ఇదే. జ్వరం అని చెప్పమన్నాను. చెప్పలేదంట ఈయన.

అమ్మ మీద కోపం కాదు, అది వేరే. అమ్మని ఏటనగలను, ఏడెనిమిదేళ్ళ పిల్లని ఎవరేటనగలరు. నాకు మండిపోయేది ఇంకోటి. నేను నమ్మినాను. నా దేవుడు ఎక్కడున్నాడంటే ఆ నేల మీద, ఆ చాప మీద, జోజప్పగారి సున్నం రాలిన పాదం ఎదురుగా ఉన్నాడు. బిడ్డ నిలవనప్పుడు అక్కడ కూకుని ఏడ్చినాను. పిలిచినాడు కదా, పిలిచినోడు వింటాడు కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఎవరూ పిలవలేదు. దింపేసినారు, అంతే. మిగతాదంతా మా తాత ఒక ఏడుపు ఆపడానికి అల్లిన కత. దాని మీద నేను ఇన్నేళ్ళు అంచులు కుట్టినాను.

మరి నేను చెప్పుకున్నవన్నీ ఎవరు విన్నట్టు?

మార్చి 17, మంగళవారం

చాపలు గుడి నుంచి వచ్చేసినాయి. రోజీ అప్ప కోడలు తెచ్చి వాకిట్లో పెట్టి పోనాది, నెలలు నిండుతున్నాయి దానికి. లోపలికి రమ్మన్లేదు నేను. వెళ్ళినాక గుర్తొచ్చినాది, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని.

మార్చి 18, బుధవారం

రేపు పండగ. అమ్మ పొద్దున్నుంచీ తిరుగుతున్నాది — గోధుమరంగు చీర ఏదీ, జాకెట్టు హుక్కు ఊడినాది, తల స్నానం. పెళ్ళికూతురి హడావుడి. హుక్కు నా చేతే కుట్టించుకున్నాది. కుట్టినాను. సూది అమ్మ వీపుకి తగలకుండా కుట్టినాను.

"నువ్వొస్తావు కదే?"

దారం కొరికి తెంపినాను.

మార్చి 19, గురువారం

వెళ్ళినాను. ఎందుకెళ్ళినానో తెలీదు. చంకలో చాప ఉన్నాది, ఎందుకు పట్టుకెళ్ళినానో అదీ తెలీదు. అలవాటు కాళ్ళకీ చేతులకీ ఉంటాది.

బెంచీలు వచ్చినాయి. వార్నీషు వాసన. జోజప్పగారి ముందు నేల కనపడడం లేదు. తీర్థం తొట్టి దగ్గర వేళ్ళు తడుపుకుని అక్కడే ఉండిపోనాను, వెనక గోడకి, షాపోళ్ళ మధ్య. లోపలికి అడుగు పడలేదు. గుడిలో నేను ఎక్కడ నిలబడాలో తెలీకపోడం ఇదే మొదటిసారి.

అమ్మ ముందు బెంచీలో, దారి పక్క మొదటి చోటు. పక్కన రోజీ అప్ప. ఇద్దరి మధ్యా జాగా ఉంచినారు, చేతిరుమాలు పరిచి. నాకోసం అని నాకు తెలుసు. రోజీ అప్ప రెండుసార్లు వెనక్కి చూసినాది. బజార్లో అన్ని మాటలు పడి, మళ్ళీ రుమాలు పరిచినాది. నేను చూపు తిప్పేసుకున్నాను.

అమ్మ నిటారుగా కూకున్నాది. అంత నిటారుగా అమ్మని ఎప్పుడూ చూడలేదు. పాట మొదలైనాది. నేను ఊరికే చూస్తున్నాను, కొంచెం అసూయ, కొంచెం... ఏటో. అప్పుడు కనపడినాది. బెంచీ ఎత్తు. అమ్మ పొట్టి. కాళ్ళు నేలకి ఆనడం లేదు. చీర కింద పాదాలు గాలిలో వేలాడుతున్నాయి, చిన్నపిల్లకి లాగ. ఆనించాలని కొంచెం ముందుకి జరుగుతాది, జారిపోతాది, మళ్ళీ వెనక్కి.

ఫాదర్ గారి ప్రసంగం సగంలో అమ్మ చెయ్యి వెనక్కి వచ్చినాది. తల తిప్పలేదు. బెంచీ పక్క నుంచి చెయ్యొకటే, కిందకి, వేళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి. నేను చిన్నప్పటి నుంచీ ఎరిగిన సైగ. "ఇటియ్యవే."

చాప. కాళ్ళ కింద పెట్టుకోడానికి. మడిచి పెడితే సరిపోతాది, సరిగ్గా ఆ ఎత్తే.

నేను వచ్చినట్టు ఎలా తెలిసినాదో. వెనక్కి ఒక్కసారీ చూడలేదు.

ఎత్తుకుని వెళ్ళాలి, అంతే. మధ్య దారమ్మట నడిచి, వంగి, అమ్మ కాళ్ళ కింద పెట్టాలి. మరియమ్మత్త నీలం అంచు పైకి వచ్చేలాగ. అక్కడే రుమాలు పరిచిన చోటు.

కదల్లేకపోనాను. చెయ్యి అలా తెరిచి మూస్తూనే ఉన్నాది. కాసేపయ్యాక ఆగిపోనాది. ఒళ్ళోకి తీసేసుకున్నాది.

సత్ప్రసాదానికి అందరూ లేచినప్పుడు బయటికి వచ్చేసినాను.

మార్చి 20, శుక్రవారం

అమ్మ మోకాళ్ళకి నూనె రాసుకున్నాది. ఈయన ఇద్దరి మధ్యా అన్నం గిన్నె అటూ ఇటూ జరిపినాడు.

మార్చి 21, శనివారం

రేపట్నించి స్వరూపాలకి ఊదాగుడ్డ కప్పుతారు, ఈస్టరు దాకా. జోజప్పగారి గుడ్డ నేనే కుట్టాలి. కుట్టినాను. చిన్నదైపోనాది, అంచు విప్పి మళ్ళీ కుట్టినాను. రేపు పూజకి ముందు నేనే పట్టుకెళ్ళి కప్పాలి. నేనైతేనే ముడి సరిగ్గా వస్తాది.

అమ్మ మంచం మీద నుంచి అడిగినాది, "ఆ సాప ఎక్కడెట్టినావే?"

"తలుపెనక."

"ఊఁ."

అంతే. తీసుకురా అన్లేదు. తేను అని నేనూ అన్లేదు. ఊదాగుడ్డ మడత పెట్టి సంచిలో పెట్టినాను. సంచి తలుపెనకే పెట్టినాను, చాప పక్కన.